ఎల్చే చెట్టుమీద దుబ్బాక తువాల

ఫోన్‌లో కనిపిస్తున్న చెట్టు సిద్దిపేటకు ఏడెనిమిది వేల కిలోమీటర్ల దూరంలో ఉంది, కాని దాని తల దగ్గర నలభై అడుగుల ఎత్తున వేలాడుతున్న మూటకు చుట్టిన తువాల మాత్రం వినీత వంటింట్లోది.

వినీత ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. దుబ్బాక నేత. ఎర్ర అంచు. అంచుకు జానెడు పైన కొడవలి ఆకారంలో పసుపు మరక. పోయిన ఎండాకాలం మామిడికాయ తొక్కు పెడుతుంటే అంటింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. ఆ మరకను ఆమె చీకట్లో చేత్తో తడిమి కూడా చెప్పగలదు.

ఫొటో పంపింది రత్నాకర్. స్పెయిన్ దేశంలో ఎల్చే అనే ఊళ్లో ఉంటాడు. దుబ్బాక నేతగాళ్ల ఇంటి పిల్లవాడు, ఇప్పుడు అక్కడ చెప్పుల కంపెనీలో డిజైన్లు గీస్తాడు. వినీత భర్త సతీశ్‌కు సిద్దిపేట డిగ్రీ కాలేజీలో ఒకే బెంచీ స్నేహితుడు. దసరా సెలవుల్లో వినీత కుటుంబమంతా వాళ్లింట్లో ఎనిమిది రోజులుండి మొన్ననే తిరిగొచ్చింది. ఒక సూట్‌కేసు ఇంకా విప్పనే లేదు.

ఫొటో కింద ఒకే ఒక్క ముక్క: "చెల్లె, జల్ది ఫోన్ చెయ్."

వినీత గవర్నమెంటు బడిలో టీచరు. పదమూడేళ్లుగా పెన్సిళ్ల దొంగలను, కిటికీలు పగలగొట్టిన వీరులను పట్టుకుంటున్న మనిషి. తొందరపడి నోరు జారదు. ఫోన్ కలిపి, మామూలు గొంతుతో అడిగింది.

"ఏందన్నా గది? బాంబు లెక్కనే ఉన్నది."

"బాంబే అనుకున్నరు చెల్లె!" రత్నాకర్ గొంతులో నిద్రలేదు. "నిన్న పొద్దుగాల మా ఎనుక తోటల కొమ్మలు నరికే మిషన్ వచ్చింది. మీదికి పోయినోడు గీ మూట చూసి కేక వెట్టిండు. పోలీసులొచ్చిన్రు. తోటల ఉన్న ఇండ్లన్ని ఖాళీ చేయించిన్రు. మీ వదినె శైలజ ఒక చేతిల పాస్‌పోర్టులు, ఒక చేతిల కుక్కర్ పట్టుకొని రోడ్డుమీదికి ఉరికింది."

"కుక్కర్ ఎందుకు?"

"పప్పుకు రెండు విజిల్లే అయినయట."

వినీత నవ్వలేదు. "మూటల ఏమున్నది?"

"మట్టి కూజా. లోపట పులిసిన నీళ్లు, గుప్పెడు చీమలు. మీద చెట్టుకు గాటు వెట్టిన్రు. ఈడ గీ ఖర్జూర చెట్లను గోరుతోని గీకినా ఊకోరు. గాటు వడితే ఎర్రముక్కు పురుగు చొరబడి చెట్టును తినేస్తదని భయం. పోలీసులు నవ్వుకుంట పోయిన్రు గని తోట చూసే ఇనేస్ మేడం మాత్రం అగ్గి మీద ఉన్నది. కూజా విసెంతేది. తువాల విసెంతేది. గంత ఎత్తు ఎక్కేటోడు తోట మొత్తంల విసెంతే ఒక్కడే. ఇంకెవల పేరు చెప్తది?"

విసెంతే. తోట గేటు దగ్గరి గదిలో ఉండే చెట్లెక్కే మనిషి. అరవై దాటినవాడు. మిషన్లు వచ్చాక కూడా నడుముకు తాడు చుట్టుకొని ఖర్జూర చెట్లెక్కుతున్న చివరి పనివాడు.

"తువాల ఆయనదని ఎట్ల తెలుసు?" అంది వినీత మెల్లగా.

"నువ్వే ఉంటివి గద! మీరు పొయ్యే ముందట మీ బాపు మల్లేశం మామ ఆయనకు దుబ్బాక తువాల కప్పి సన్మానం చెయ్యలేదా? ఇనేస్ మేడమే ఫొటో తీసింది. ఇప్పుడు గా ఫొటోనే సాక్ష్యం."

"విసెంతే ఏమంటుండు?"

"గదే నా పరేషాన్. నువ్వే కట్టినవా అంటే ఊకుంటడు. కట్టలేదా అన్నా ఊకుంటడు. ఈ పొద్దు పదకొండు గంటలకు తోట ఆఫీసుల మీటింగు. ముప్పై ఎనిమిదేండ్ల నౌకరి చెల్లె. కాగితం తయారున్నది, సంతకం వెట్టి ఇంటికి పంపుతరట. నీకు పిల్లల దగ్గర కెల్లి ఏమన్నా తెలుస్తదేమోనని ఫొటో పంపిన."

ఎల్చేలో పదకొండంటే సిద్దిపేటలో రెండున్నర. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై అయింది.

"చూసి చెప్త అన్నా," అని వినీత ఫోన్ పెట్టేసింది.

విసెంతేకు కప్పింది కొత్త తువాల. జతగా కొన్నవాటిలో బీరువాలో దాచినది. దాని మీద చుక్క మరక లేదు. రెండోది, పసుపు మరకది, సకినాల డబ్బా విరగకుండా చుట్టి తీసుకుపోయిన వంటింటి తువాల. ఆమె పరుగున పోయి విప్పని సూట్‌కేసు విప్పింది. డబ్బా ఉంది. తువాల లేదు.

కట్టింది విసెంతే కాదు. తమ ఇంటివాళ్లలో ఒకరు.

*

సతీశ్ బోరు మోటార్ల రిపేరు దుకాణానికి బయలుదేరి, బండి తాళంచెవి వెతుక్కుంటున్నాడు.

"ఇగో, ఒక్క మాట. నిజం చెప్పాలె. ఎల్చేల చెట్టెక్కినవా?"

"నేనా?" సతీశ్ తాళంచెవి సంగతి మరిచిపోయాడు. "మేడమీద ట్యాంకు కడగనీకె నిచ్చెన ఎక్కితే కింద నువ్వు పట్టుకోవాలె. నేను చెట్టెక్కుతనా?"

ఆ మాట నిజమే. వినీత ఫొటో చూపించి సంగతి చెప్పింది. సతీశ్ మంచం మీద కూలబడ్డాడు.

"రత్నంకు చెప్పినవా తువాల మనదని?"

"చెప్పలే."

"మంచిగ చేసినవ్. చెప్పకు. ఆ తోటోళ్ల ఇంట్లనే కిరాయికున్నడు రత్నం. వాని దోస్తులు చెట్టును కోసిన్రని తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యుమంటరు. ఇంతదూరం వచ్చి మనల ఎవలు వట్టుకుంటరు? రెండు రోజులైతే అందరు మర్చిపోతరు."

"విసెంతే మర్చిపోతడా?"

సతీశ్ మంచం కిందికి వంగి మళ్లీ తాళంచెవి వెతకసాగాడు.

"ముప్పై ఎనిమిదేండ్ల నౌకరి," అంది వినీత. "మన పిల్లలకు దానిమ్మకాయలు ఒలిచి పెట్టిన మనిషి. దుకాణం ఒక గంట బంద్ పెట్టు."

*

ఎనిమిది రోజుల యాత్రను ఆమె మొదటి నుంచి తలుచుకుంది. దొంగ దొరకాలంటే దొంగతనం ముందు రోజు నుంచి మొదలుపెట్టాలని బడి నేర్పిన పాఠం.

వెళ్లినవాళ్లు ఐదుగురు. తను, సతీశ్, పన్నెండేళ్ల దేవిక, ఏడేళ్ల శ్రావణ్, వినీత తండ్రి మల్లేశం. మల్లేశానిది చిన్నకోడూరు. నలభై ఏళ్లు ఈత చెట్లు, తాటి చెట్లు గీసిన గౌడు. ఆరేళ్ల కింద చెట్టు మీంచి పడి మోకాలి చిప్ప పగిలింది. కాలులో రాడ్డు, చేతిలో కట్టె. ఆయన్ను తీసుకుపోవాలన్న ఆలోచన దేవికది. "తాత రాకుంటే నేను రాను" అని పంతం పట్టింది. ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోతుంటే, మల్లేశం లైన్లో నిలబడ్డవాళ్లందరికీ సర్పంచి లెక్క చెయ్యెత్తి దండం పెట్టుకుంటూ పోయాడు.

ఎల్చేలో దిగాక మాత్రం ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఎటు చూసినా ఖర్జూర చెట్లు. మన ఈతకు అన్నదమ్ముల వరస. ఇళ్ల మధ్య, బడి పక్కన, బస్టాండు వెనక, నది రెండు గట్ల మీద. కారు వెళ్తున్నంత సేపూ మల్లేశం మెడ కిటికీలోంచి బయటే ఉంది.

"రత్నం, గీ చెట్లన్ని ఎవలయి?"

"ఊరియి మామా."

"ఎన్నుంటయి?"

"రెండు లక్షల దాక ఉంటయంటరు."

మల్లేశం వేళ్లమీద ఏదో లెక్కేశాడు. తర్వాత నిట్టూర్చాడు. "రెండు లక్షల చెట్లు. ఒక్క లొట్టి లేదు. గిదేం ఊరు బిడ్డా?"

కారంతా పగలబడి నవ్వింది. రత్నాకర్ కూతురు వందనకు పదేళ్లు. అక్కడే పుట్టిన పిల్ల. లొట్టి అంటే ఏమిటని అడిగింది. కల్లు కుండ అని దేవిక చెప్పింది. కల్లు అంటే ఏమిటని వందన అడిగింది. "నీకెందుకే" అని శైలజ ముందు సీట్లోంచి నోరు మూయించింది.

మరుసటి రోజు ఊరు చూడ్డం మొదలైంది. నడిచే పటాలానికి వందన కెప్టెను. ముందు నది. నదిలో నీళ్లు లేవు. అడుగంతా సిమెంటు చేసి, దాని మీద పెద్ద పెద్ద రంగుల బొమ్మలు వేశారు. శ్రావణ్ గట్టు మీంచి వంగి చూసి, "రంగులేసిన్రు గని నీళ్లు పొయ్యుడు మర్చిపోయిన్రు" అన్నాడు. తర్వాత గడియారం గోపురం. పైన ఇద్దరు కొయ్య మనుషులు గంట కొడతారు. పెద్దవాడు గంటకోసారి, చిన్నవాడు పావుగంటకోసారి. పిల్లలు ముగ్గురూ నోళ్లు తెరుచుకొని నాలుగు పావుగంటలు అక్కడే నిలబడ్డారు. సతీశ్ కాళ్లు పీకి కూలబడ్డాడు. చివరికి నీలం గుమ్మటం ఉన్న పెద్ద చర్చి. దాని బురుజు ఎక్కితే ఊరంతా కనిపిస్తుందని రత్నాకర్ అందరినీ మెట్ల వైపు తోలాడు. మల్లేశం మెట్లను చూసి, మోకాలు రుద్దుకొని, నీడ ఉన్న బల్ల వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం రెండు దాటగానే దుకాణాలన్నీ టపటపా మూతపడ్డాయి. ఎందుకని సతీశ్ అడిగితే, అందరూ తిని పడుకుంటారని వందన చెప్పింది. "నేను పుట్టాల్సిన ఊరు గిది," అని సతీశ్ వాపోయాడు.

ఆ సాయంత్రమే విసెంతే తగిలాడు.

రత్నాకర్ ఇంటి వెనక తోటలో నడుస్తున్నారు. ఓ చెట్టు మీద, నడుముకు తాడు చుట్టుకొని, ఎండిన మట్టలు కోస్తున్నాడు విసెంతే. మల్లేశం ఆగిపోయాడు. తల ఎత్తి రెండు నిమిషాలు చూశాడు. ఉన్నట్టుండి కట్టె పైకెత్తి తెలుగులో కేకేశాడు.

"ఓ అన్నా! ఎడమకాలు కింది మట్టకు వెట్టు! జారుతవ్!"

పైనున్నవాడు కిందికి చూశాడు. ఎడమకాలు కింది మట్ట మీద పెట్టాడు.

దిగొచ్చాక ఇద్దరూ తాడు పట్టుకొని కూర్చున్నారు. మల్లేశం ముడి చూపించాడు. విసెంతే తన ముడి చూపించాడు. మన దగ్గర మోకు అనే తాడు, అక్కడి తాడు, రెండింటి పనీ ఒకటే. మొదటి అరగంట వందన అటు మాట ఇటు, ఇటు మాట అటు వేసింది. తర్వాత ముఖం ముడుచుకొని వచ్చి, "నన్ను ఎవ్వలు అడుగుతలేరు. ఇద్దరు చేతులతోనే మాట్లాడుకుంటున్నరు" అని వినీతకు ఫిర్యాదు చేసింది.

అప్పటి నుంచి పొద్దున్నే మల్లేశం కట్టె పట్టుకొని తోటలోకి వాకింగ్‌కు పోయేవాడు. మోకాలికి మంచిదని వినీతే సంతోషపడింది. బయలుదేరే ముందు రోజు సాయంత్రం, తోటవాళ్లందరి ఎదుట విసెంతే భుజాల మీద కొత్త తువాల కప్పి, చేతిలో సకినాలు పెట్టి, మల్లేశం చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. మన దగ్గర గౌరవించే పద్ధతి అని రత్నాకర్ వివరిస్తే, ఇనేస్ మేడం చప్పట్లు కొట్టి ఫొటో తీసుకుంది.

ఇప్పుడు ఆ ఫొటోనే విసెంతే మెడకు చుట్టుకుంది.

*

వినీత పిల్లల్ని పిలిచింది. ఎవరు చేశారని అడగలేదు. అలా అడిగితే ఏ పిల్లా చెప్పదు.

"శ్రావణ్, ఎల్చేల నీకు అన్నింటికన్నా మంచిగనిపించింది ఏంది?"

"కోడిగుడ్డు మూతవెట్టిన అన్నం."

"ఇంక?"

"విసెంతే తాత దగ్గర పిల్లి."

"పిల్లిని చూడనీకె నువ్వొక్కనివే పోయినవా?"

"తాతతోని పోయిన. ఒక్కరోజు. తర్వాత తోల్కపోలే. నువ్వు నోరు ఆపుకోవు అన్నడు."

వినీత ముఖం మారలేదు. "దేనికి నోరు ఆపుకోవాలె?"

శ్రావణ్ పెదాలు రెండూ లోపలికి మడిచి, గట్టిగా మూసుకున్నాడు.

దేవిక మాత్రం ఫోన్ అందించింది. నాలుగు వందల ముప్పై ఫొటోలు. అందులో మూడు వందలు దేవిక ముఖమే. వినీత ఒక్కొక్కటీ జరుపుకుంటూ పోయింది. నది, దేవిక. గడియారం, దేవిక. దానిమ్మపండు, దేవిక. సోమవారం పొద్దున, తోటలో, జడ ముందుకు వేసుకొని దేవిక.

వేలు ఆగింది.

దేవిక భుజం వెనక, కొంచెం దూరంలో, ఒక ఖర్జూర చెట్టు. చెట్టు మొదట్లో ఒక జత తోలు చెప్పులు, పక్కపక్కన బుద్ధిగా విడిచినవి. చెప్పుల పక్కన చెట్టుకు ఆనించిన చేతికట్టె. కట్టె పక్కన విసెంతే, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని, తల వెనక్కి వాల్చి, ఆకాశంలోకి చూస్తున్నాడు.

చెప్పులున్నాయి. కట్టె ఉంది. మనిషి లేడు.

"అయ్యో బాపూ," అంది వినీత.

ఆరేళ్ల కింద దవాఖానలో, తండ్రి కాలు పైకి కట్టి ఉన్నప్పుడు, ఆయన చెయ్యి తన నెత్తిన పెట్టుకొని ఒట్టు వేయించుకుంది ఆమె. జన్మలో మళ్లీ చెట్టెక్కనని. ఆయన ఒట్టు పెట్టి ఏడ్చాడు. కాలు నొప్పికి ఏడ్చాడని అప్పుడు అనుకుంది.

"బండి తియ్యి," అంది సతీశ్‌తో. "చిన్నకోడూరు పోదాం."

*

మల్లేశం ఇంట్లో లేడు. ఊరి చివర ఈతవనంలో ఉన్నాడు. ఆయనలాంటివాళ్లే ఏడెనిమిది మంది చుట్టూ కూర్చున్నారు. వాళ్ల మధ్య మల్లేశం విదేశ యాత్ర నడుస్తోంది.

"... నన్ను సూడంగనే ఆడి పెద్దమేడం లేసి నిలవడ్డది. మల్లేశం గారూ, మా రెండు లక్షల చెట్లు మీరే సూసుకోవాలె అన్నది. నాకు ఈడ పనున్నదని చెప్పిన."

"జీతమెంత ఇస్తనన్నది మామా?" అన్నాడు సిద్ధయ్య. ఇప్పుడు అక్కడ చెట్లు గీస్తున్నది అతనే. అప్పుడే చెట్టు దిగి, మోకు ఇంకా భుజానే ఉంది.

"జీతం మాట్లాడతలేను. ముందు..." అని ఆగాడు మల్లేశం. కూతురు కనిపించింది. గబుక్కున కట్టె అందుకున్నాడు. "బిడ్డా! గింత ఎండల వచ్చినవేంది?"

వినీత ఫోన్ ముందుకు చాపింది. మల్లేశం కళ్లు చికిలించి చూశాడు. మూట. తువాల. తల పక్కకు తిప్పుకున్నాడు.

"గదేందో నాకెర్కలేదు."

"రెండో ఫొటో చూడు బాపూ. చెప్పులెవరియి?"

"చెప్పులు అందరియి ఒక్క తీరుగనే ఉంటయి."

"కట్టె?"

"కట్టెలు గూడ."

చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. "మామా, బిడ్డ టీచరమ్మ. బెంచీ ఎక్కిస్తది, ఒప్పుకో," అన్నాడు సిద్ధయ్య.

"నన్ను తిట్టాలె, గంతేనా? తిట్టు," అన్నాడు మల్లేశం నేల చూస్తూ. "ఒట్టు తప్పిన. ముసలోన్ని, తప్పు చేసిన. ఇగ ఊకో."

"తిట్టనీకె రాలే. విసెంతే నౌకరి పోతుంది బాపూ."

మల్లేశం తల లేచింది.

వినీత చెప్పింది. కూజా, తువాల, మీటింగు, రెండున్నర. ఆయన కట్టె కొనతో నేలమీద గీతలు గీస్తూ విన్నాడు.

"నా పేరు చెప్పలేదా?"

"ఎవరి పేరూ చెప్పలే. నోరే తెరుస్తలేడట."

"మనం ఎల్లిన నాడు విసెంతే ఆయన బిడ్డింటికి పోయిండు. నేను మీదికెక్కి కూజా దించుత అనుకున్న. రత్నం ట్రాఫిక్ ట్రాఫిక్ అని మూడు గంటలు ముందుగాల బండెక్కించె..." మల్లేశం మాట మింగాడు. "బిడ్డా, టైమెంతయింది?"

"రెండూ ఇరవై."

"ఫోన్ కలుపు."

సతీశ్ గొంతు సవరించుకున్నాడు. "మామా, ఒక్కసారి ఆలోచించు. రత్నం ఉన్న ఇల్లు ఆ తోటోళ్లదే."

"రత్నంకు తెల్వదని నేనే చెప్త అల్లుడా. నా ఎంటికెలు తెల్లగైనయ్, నా ముఖం చూసి నమ్ముతరు. కలుపు."

*

నమ్మలేదు.

వీడియోలో ముందు రత్నాకర్ ముఖం, తర్వాత వందన జడ, తర్వాత ఓ పొడుగాటి బల్ల కనిపించాయి. బల్ల చివర ఇనేస్ మేడం. ఆమె ముందర ఒక కాగితం, దాని మీద కలం. ఇటువైపు కుర్చీలో విసెంతే, చేతులు కట్టుకొని. తెరమీద మల్లేశాన్ని చూడగానే అతని ముఖం వెలిగి, వెంటనే ఆరిపోయింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మేడమ్, గది కట్టింది నేనే," అన్నాడు మల్లేశం.

వందన స్పానిష్‌లో చెప్పింది. ఇనేస్ మేడం చాలా సేపు విని, మర్యాదగా ఏదో అంది. వందన తిప్పి చెప్పింది.

"తాతా, మేడం ఏమంటుందంటే... నువ్వు మంచోనివట. దోస్తును కాపాడుతున్నవట. కని కట్టె లేకుండా నడవలేని మనిషి నలభై అడుగులు ఎక్కిండంటే ఎట్ల నమ్మాలె అంటుంది. చర్చి మెట్లే ఎక్కలేదని మా డాడీ చెప్పిండు గద అంటుంది."

"మెట్లు వేరు, చెట్టు వేరని చెప్పు!"

వందన చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇనేస్ మేడం చెయ్యి కలం మీదికి పోయింది.

మల్లేశం ఫోన్ వైపు చూడటం మానేశాడు. కూతురి వైపు చూశాడు. నోరు తెరిచి అడగలేదు. అడిగే ముఖం మాత్రం పెట్టాడు, బడిలో పిల్లలు నీళ్లకు పోతామని పెట్టినట్టు.

వినీతకు ఆ పాత దవాఖాన గది కనిపించింది. ఇనుప మంచం, పైకి కట్టిన కాలు. కాలిలో రాడ్డు ఇప్పుడూ ఉంది. ఈత చెట్టు పాతిక అడుగులు. పడితే ఈసారి లేవడు. ఫోన్‌లో విసెంతే ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు. వద్దు, వద్దు.

"సిద్ధయ్యా," అంది వినీత. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఆ మోకు ఇటియ్యి."

"అక్కా!"

"ఇయ్యి."

ఆమే తండ్రి నడుముకు మోకు చుట్టింది. ముడి ఆయనే వేసుకున్నాడు. "ఒట్టు తీసి గట్టుమీద పెట్టిన. ఇయ్యాల ఒక్కనాడే," అంది.

"ఒక్కనాడే," అన్నాడు మల్లేశం, అప్పటికే చెప్పులు విడుస్తూ.

కట్టెను సతీశ్ చేతికిచ్చాడు. చెట్టును ఒకసారి అరచేత్తో నిమిరాడు. మోకును పైకి విసిరి, వెనక్కి వాలి, పాదం పెట్టాడు. కుంటుకుంటూ చెట్టు దాకా వచ్చిన మనిషి, నేల వదిలాక కుంటలేదు. విసురు, వాలు, అడుగు. విసురు, వాలు, అడుగు. వినీత ఫోన్‌ను పైకెత్తి పట్టుకుంది. కదలకుండా రెండో చెయ్యి కూడా వేసింది. ఫోన్‌లో కుర్చీలు జరిగిన చప్పుడైంది. ఎవరో దేవుడి పేరు తలుచుకున్నారు. సిద్ధయ్య చెట్టు కింద చేతులు చాపి నిలబడ్డాడు, పడితే పట్టుకుంటానన్నట్టు.

పట్టుకోవలసిన అవసరం రాలేదు. మల్లేశం మట్టల దగ్గరికి చేరి, మోకు మీద కూర్చున్నట్టు వాలి, రెండు చేతులూ వదిలేసి కింద ఉన్న ఫోన్‌కు దండం పెట్టాడు.

ఎల్చేలో విసెంతే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఇనేస్ మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తన ముందరి కాగితాన్ని సంతకం చెయ్యకుండానే తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకుంది. వందనను ఒక్క ముక్క అడిగింది.

"తాతా!" వందన కేక ఫోన్‌లోంచి ఈతవనమంతా వినిపించింది. "ఎందుకు చేసినవు అని అడుగుతుంది!"

మల్లేశం పైనుంచి గొంతెత్తాడు. వందన ఒక్కో ముక్కా అటు అందించడానికి ఆగి ఆగి చెప్పాడు.

"నా పేరు మల్లేశం గౌడు అని చెప్పు. కూజా కట్టింది నేను, గాటు వెట్టింది నేను. విసెంతే వద్దన్నడు. రెండు రోజులు వద్దన్నడు. మూడోనాడు ఆయన మోకు నేనే గుంజుకున్న. కూజా గూడ ఆయన్ని అడుగకుండనే తీసుకున్న. రత్నంకు తెల్వదు, నా బిడ్డకు తెల్వదు, వాకింగ్ అని అబద్ధమాడిన. ఎండ తాకితే కల్లు జల్ది పులుస్తదని బిడ్డ వంటింటి తువాల దొంగతనం చేసి చుట్టిన. మీ చెట్టుకు ఏం గాదమ్మా. నలభై ఏండ్లు గీసిన, నా చేతిల ఒక్క చెట్టు సావలే. గాటు ఆరిందా లేదా రోజు విసెంతేను ఎక్కి సూడుమను.

"ఎందుకెక్కిన అంటే, కల్లు కోసమే ఎక్కిన, అబద్ధమెందుకు. మొదటి రోజు సుక్క రాలే. రెండో రోజు రాలే. రాదని నాకెర్కనే, కొత్త చెట్టు గంత జల్ది ఇయ్యది. అయినా పొద్దున లేవంగనే పోయిన. మోకు సుట్టుకుంటే బరువు మోకాలు మీద ఉండది బిడ్డా, నొప్పుండది. మీదికెల్లి మీ ఊరు సూసిన. తెల్లటి ఇండ్లు, నీలం గుమ్మటం, ఆడ దూరంగ సముద్రం. మావోళ్లు కింద నా కోసం ఎతుక్కుంటుంటే నేను మీదికెల్లి సూసుకుంట నవ్వుకున్న. కూజా కట్టుడు పావుగంట పని. నేను గంటన్నర ఉన్న. ఏం చేసినవంటే ఏం చెయ్యలే. దిగబుద్ధి కాలే. నా తప్పు గిదే. గిదే రాసుకో."